కొసన నారింజ రంగు



స్పాంజి తూటాలు ప్రేల్చే బొమ్మ తుపాకులు ఇప్పుడు పల్లెలకు కూడ వచ్చాయి. తీర్థములలో, తిరునాళ్ళలో, బస్టాండు దగ్గర దుకాణములలో అవి వ్రేలాడుతూ కనిపిస్తాయి. పిల్లలు వాటితో నాలుగు రోజులు ఆడి, అయిదవ రోజున విప్పుతారు. స్ప్రింగు మారుస్తారు, ముందుభాగమున పీవీసీ గొట్టము అతికిస్తారు. మునుపు గడప దాటని తూటా అప్పుడు వీధి దాటి ఎదురింటి గోడకు తగులుతుంది. ఇలాంటి పిల్లవాణ్ణి మెచ్చుకోవాలా, మందలించాలా అని మా సంఘములోని తల్లులు మమ్ములను అడుగుతున్నారు.

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. 2023 వేసవిలో మేమిద్దరము అమెరికాలో నెలన్నర ఉన్నాము. అక్కడ ఒక తెలుగు ఇంటిలో ఇలాంటి బొమ్మ మూలముగా తండ్రికీ కొడుకుకూ మధ్య ఎనిమిది రోజులు మాటలు లేకుండా పోయాయి. అక్కడ చూచినది, తెలిసికొన్నది, తరువాత మన దేశములో జరిగినది కలిపి ఇక్కడ వ్రాస్తున్నాము. పిల్లలున్న ఇంటిలో ఉపయోగపడుతుందని మా ఆశ.

ఈ బొమ్మ ఎక్కడిది?

1969లో అమెరికాలో పార్కర్ బ్రదర్స్ అనే కంపెనీ మెత్తని ఫోముతో చేసిన బంతి నొకదానిని అమ్మకానికి పెట్టింది. దాని పేరు నెర్ఫ్. దానిని తలపెట్టినవాడు రేన్ గయర్. ఇంటిలోపల విసిరినా దీపములు, అద్దములు పగలని బంతి అని అది తల్లులకు నచ్చింది. ఆ పేరు తరువాత హాస్‌బ్రో అనే పెద్ద కంపెనీ చేతికి వచ్చింది. 1990 తరువాతి సంవత్సరములలో ఆ పేరుతోనే ఫోము బాణములను గాలితో విసిరే తుపాకులు వచ్చాయి. అక్కడివారు వాటిని తుపాకి అనరు, బ్లాస్టర్ అంటారు.

ఈ బొమ్మల కథలో మాకు బాగా నచ్చిన మనిషి లానీ జాన్సన్. ఆయన 1949లో అలబామా రాష్ట్రములో పుట్టిన నల్లజాతి ఇంజనీరు. హైస్కూలులో ఉన్నప్పుడే పాత సామాను ఏరి మరమనిషిని తయారుచేసి, 1968లో సైన్సు పోటీలో మొదటి బహుమానము పొందాడు. పెద్దవాడై అంతరిక్ష పరిశోధన సంస్థ నాసాకు చెందిన ప్రయోగశాలలో పనిచేశాడు. 1982లో తన ఇంటి స్నానాలగదిలో వేరొక యంత్రము కొరకు నీటి గొట్టము పరీక్షిస్తుండగా నీరు బలముగా గది అవతలికి చిమ్మింది. ఇది మంచి ఆటవస్తువు అవుతుందని ఆయనకు తోచింది. పీవీసీ గొట్టపు ముక్కలు, ఖాళీ కూల్‌డ్రింకు సీసా పెట్టి ఇంటిలోనే మొదటి నమూనా చేశాడు. అది 1990లో బజారుకు వచ్చింది. సూపర్ సోకర్ అనే ఆ నీటి తుపాకి ప్రపంచమంతా తెలిసిపోయింది. ఆ తరువాత ఆయన ఫోము బాణముల తుపాకులకు కూడ పనిచేశాడు. తనకు రావలసిన రాయల్టీ విషయములో హాస్‌బ్రోతో వివాదము నడవగా, 2013లో మధ్యవర్తులు ఆయనకు దాదాపు 7 కోట్ల 29 లక్షల డాలర్లు ఇవ్వవలెనని తీర్పు చెప్పారు.

ఇంటిలో గొట్టములు కోసి అతికించే పిల్లవాణ్ణి చూచి "పనికిమాలినవాడు" అనే ముందు ఈ మనిషిని తలచుకోవటము మంచిది.

పెద్దపిల్లలు కూడ ఈ ఆటలో దిగారు. 2005లో మేరీలాండ్ రాష్ట్రములోని గౌచర్ కాలేజీ విద్యార్థులు ఫోము బాణములతో గుంపు ఆట ఒకటి మొదలుపెట్టారు. అది ఇతర కాలేజీలకు ప్రాకింది. ఆడేవారు పెరిగేకొద్దీ, కంపెనీ ఇచ్చిన బలము చాలదని విప్పి మార్చేవారు కూడ పెరిగారు. మా బావమరిది కొడుకు వారిలో ఒకడు.

లోపల ఏమున్నది?

మా బావమరిది డల్లాస్ నగరము దగ్గర ఫ్రిస్కో అనే ఊరిలో కంప్యూటరు ఉద్యోగము చేస్తాడు. మేము వెళ్ళేనాటికి కొడుకుకు పదిహేను సంవత్సరములు, కూతురికి ఎనిమిది. కారు నిలిపే షెడ్డులో ఒక మూల బల్ల వేసికొని పిల్లవాడు పని చేసికొనేవాడు. ప్రక్క ఇళ్ళవారి పచ్చిక కోసి కూడబెట్టిన డబ్బుతో ఒక రోటరీ టూల్ కొనుక్కొన్నాడు. చేతిలో ఇమిడే చిన్న మోటారు అది. పళ్ళ డాక్టరు వాడే పరికరము వలె కొసన చిన్న చక్రము తిరుగుతుంది. కోసే చక్రము, అరగదీసే చక్రము, రంధ్రము చేసే పుల్ల, ఏది కావలిస్తే అది బిగించవచ్చును. విస్కాన్సిన్ రాష్ట్రములో రసీన్ అనే ఊరిలో 1932లో ఆల్బర్ట్ డ్రెమెల్ పెట్టిన కంపెనీ వలన ఈ పనిముట్టు ప్రసిద్ధి పొందింది. అందుచేత అక్కడివారు ఏ కంపెనీది అయినా దానిని డ్రెమెల్ అనే అంటారు.

మొదటి వారములో ఒకనాడు పిల్లవాడు మాకు బ్లాస్టర్ ఒకటి విప్పి చూపించాడు. సైకిలు పంపు తెలిసినవారికి అది అర్థము కావటము కష్టము కాదు. లోపల ఒక గొట్టము, దానిలో పిస్టను, పిస్టను వెనుక స్ప్రింగు ఉంటాయి. పిడి వెనుకకు లాగితే స్ప్రింగు నొక్కుకొని కొక్కెమునకు చిక్కుతుంది. మీట నొక్కగానే కొక్కెము వదలుతుంది, పిస్టను ముందుకు దూకుతుంది, గాలి బాణమును తోస్తుంది. అంతే. బారూదు లేదు, నిప్పు లేదు.

"మరి నువ్వు ఏమి మారుస్తావు?" అని అడిగాము.

"నాలుగైదు ఉంటాయి మామయ్యా" అని ఒక్కొక్కటి చెప్పాడు. మొదటిది గాలి పోకుండ చూడటము. పిస్టను చుట్టూ ఉండే రబ్బరు రింగు వదులైతే, దాని క్రింద కుళాయి పనివారు వాడే తెల్లని టెఫ్లాన్ టేపు ఒక చుట్టు వేస్తాడు. సిలికాన్ గ్రీజు కొద్దిగా రాస్తాడు. రెండవది స్ప్రింగు. బలమైనది వేస్తే పాత ప్లాస్టికు కొక్కెము విరుగుతుంది. గనుక దళసరి ప్లాస్టికు పలక కోసి దానికి బలము కడతాడు. మూడవది గొట్టము. బాణమునకు సరిగ్గా పట్టే సన్నని పైపు కోసి, లోపల నునుపు చేసి ముందు అతికిస్తాడు. బ్యాటరీతో నడిచే రకములో రెండు చక్రములు తిరుగుతూ బాణమును పట్టి విసురుతాయి. అందులో మోటార్లు, తీగలు, బ్యాటరీ మారుస్తారు. ఆఖరుది గాలిని అడ్డగించే చిన్న వాల్వు. దానిని తీసివేస్తే గాలి అంతా ఒక్కసారే బాణము మీద పడుతుంది.

ఆ వాల్వు ఊరకే పెట్టినది కాదు. బాణము ఉన్నప్పుడే అది తెరుచుకొంటుంది. పెన్సిలు ముక్క, రాయి వంటివి పెట్టి కొట్టకుండ అది కాపాడుతుంది, వేగమును కూడ అదుపులో ఉంచుతుంది. ఫోము బాణము బరువు సుమారు ఒక గ్రాము. కంపెనీ బ్లాస్టర్ నుండి అది సెకనుకు సుమారు 70 అడుగుల వేగముతో వస్తుంది. మార్చినదానిలో వేగము రెండింతలు కావటము కష్టము కాదు. వేగము రెండింతలైతే దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలు. ఈ లెక్క తొమ్మిదవ తరగతి సైన్సు పుస్తకములో ఉన్నదే.

"దీనిని మనుషుల మీద కొట్టము మామయ్యా, కాగితపు కప్పుల మీదనే" అన్నాడు. పనిచేసేటప్పుడు కళ్ళకు అద్దములు పెట్టుకొన్నాడు. మోటారును నెమ్మదిగా త్రిప్పుతున్నాడు. వేగముగా త్రిప్పితే ప్లాస్టికు తెగదట, కరిగి చక్రమునకు అంటుకొంటుందట. మేము కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొంగరములు బహుమానముగా తీసికొని వెళ్ళాము. పిల్లవాడు బొంగరమును చాలసేపు త్రిప్పి చూచి, దీనిని ఏ యంత్రము మీద చేస్తారని అడిగాడు. అంకుడు కర్రను తిరుగుడు యంత్రము మీద పెట్టి, తిరుగుతుండగానే లక్క అద్దుతారని చెప్పాము. ఆ పని చూడటానికి ఒకసారి మన దేశము వస్తానన్నాడు.

ఎనిమిది రోజులు

రెండవ వారము గురువారమునాడు పిల్లవాడు మూడు నెలలుగా చేస్తున్న బ్లాస్టర్ పూర్తి అయింది. శనివారము స్నేహితులతో పార్కులో ఆట ఉన్నది. కొత్త గొట్టము అతికించటానికి కొసనున్న నారింజ రంగు ముక్కను కోసివేశాడు. అందముగా ఉంటుందని మొత్తము నల్లరంగు కొట్టాడు. నిజము చెప్పాలంటే చూడటానికి చాల బాగున్నది.

సాయంకాలము తండ్రి ఇంటికి వచ్చి షెడ్డులో దానిని చూచాడు. అతడు అంత గట్టిగా అరవటము మేము ఎన్నడూ వినలేదు. "ఇది నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు" అని తీసికొనిపోయి బయట చెత్త డబ్బాలో వేశాడు. మరునాడు తెల్లవారేసరికి చెత్త బండి వచ్చి తీసికొనిపోయింది. పిల్లవాడు మేడమీద తన గదిలోకి వెళ్ళి తలుపు వేసికొన్నాడు.

ఆ నాటినుండి ఆ ఇంటిలో భోజనపు బల్ల దగ్గర గరిటల చప్పుడు తప్ప మాట లేదు. పిల్లవాడు తల్లితో, చెల్లెలితో, మాతో మాట్లాడతాడు. తండ్రి వస్తే కంచము తీసికొని లేచిపోతాడు. షెడ్డులో బల్ల మీద పనిముట్లు పెట్టినవి పెట్టినట్లే ఉన్నాయి. ఒక సాయంకాలము మా ప్రక్కన కూర్చుండి, "నేను చేసేది ఏదీ నాన్నకు నచ్చదు అత్తయ్యా. మార్కులు తప్ప ఇంకేదీ కనబడదు" అన్నాడు. కన్నీళ్ళు లేవు. పదిహేనేళ్ళ పిల్లవాడు కన్నీళ్ళు లేకుండ అలా అంటే మాకు ఎక్కువ భయము వేసింది.

అయిదవ రాత్రి వంటగదిలో మా ఆవిడ తమ్ముణ్ణి నిలదీసి అడిగింది. "బొమ్మ మీద అంత కోపమేమిటిరా?"

అతడు చాలసేపు మాట్లాడలేదు. తరువాత టామిర్ రైస్ అనే పిల్లవాణ్ణి గూర్చి చెప్పాడు. 2014 నవంబరు 22న ఒహాయో రాష్ట్రములోని క్లీవ్‌లాండ్ నగరములో ఒక పార్కులో ఆ పిల్లవాడు బొమ్మ తుపాకితో ఆడుకొంటున్నాడు. అది చూడటానికి నిజమైన తుపాకివలె ఉన్నది. కొసన ఉండవలసిన నారింజ రంగు ముక్క లేదు. ఎవరో పోలీసులకు ఫోను చేశారు. పోలీసు కారు వచ్చి ఆగిన కొద్ది క్షణములలోనే ఒక పోలీసు కాల్చాడు. మరునాడు పిల్లవాడు చనిపోయాడు. నల్లజాతి పిల్లవాడు. వయస్సు పన్నెండు సంవత్సరములు.

"అప్పటికి మన వాడికి ఆరేళ్ళు అక్కా. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర లేదు. ఇప్పుడు వాడు నాకంటె పొడుగు. మన రంగు. చీకటిపడే వేళ పార్కులో చేతిలో ఆ నల్లటిది ఉంటే, చూచేవాళ్ళకు వాడు పిల్లవాడిలాగ కనబడతాడా?"

"ఈ మాట వాడితో చెప్పావా?"

"లేదు. వాణ్ణి భయపెట్టటము ఇష్టము లేక."

"నీ భయము దాచి కోపము చూపించావు. వాడు చూచినది కోపమే గదా" అన్నది మా ఆవిడ.

నారింజ రంగు కొస గొడవ ఆ దేశములో ఊరకే పుట్టినది కాదు. నిజమైన తుపాకిని పోలిన బొమ్మల కొసకు కొట్టవచ్చినట్లు కనబడే నారింజ రంగు ఉండవలెనని అక్కడ 1988లో చట్టము చేశారు. 1989 మే నుండి అది అమలులోకి వచ్చింది. ఫోము బాణముల బ్లాస్టర్లకు నీలము, పసుపు, ఆకుపచ్చ వంటి రంగులు వేయటములో కూడ ఆ మేలే ఉన్నది. దూరమునుండి చూచినవాడికి ఇది బొమ్మ అని వెంటనే తెలియాలి.

తండ్రి చెప్పిన సంగతి మేము పిల్లవాడి దగ్గరకు మోసికొని పోలేదు. ఆ మాట తండ్రి నోట వినవలసినది. అతనితో మాత్రము రెండు మూడుసార్లు కూర్చున్నాము. ఎనిమిదవ రోజున, శుక్రవారము సాయంకాలము, అతడు షెడ్డులోనికి వెళ్ళి కొడుకు బల్ల దగ్గర తిరగబెట్టిన బకెట్టు మీద కూర్చున్నాడు. పిల్లవాడు లేవబోతే, "రెండు నిముషాలు ఉండరా" అన్నాడు. మేము వంటగది తలుపు దగ్గరనే ఆగిపోయాము.

అతడు క్లీవ్‌లాండ్ సంగతి చెప్పాడు. తన రాత్రుల సంగతి కూడ చెప్పాడు. పిల్లవాడు తల వంచుకొని విన్నాడు. చివరకు, "ఆ సంగతి నాకు తెలుసు నాన్నా, బడిలో చెప్పారు. నువ్వు దానికోసము భయపడ్డావని తెలియదు. నా పని చెత్త అనుకొన్నావని అనుకొన్నాను" అన్నాడు.

"చెత్తేమిటిరా? ఆ కొక్కెము ఎలా బిగించావో చూడాలని ఉంది. ఇప్పుడు లేదు" అన్నాడు తండ్రి. అప్పుడు పిల్లవాడు పెట్టెలోనుండి మొదట చేసి పాడైపోయిన కొక్కెము తీసి చేతిలో పెట్టాడు.

ఆ తరువాత జరిగినది చూచి మేము ఆశ్చర్యపోయాము. ఆ ముక్క అంచు వంకరగా ఉన్నది. రోటరీ టూల్ వేడికి కరిగి గడ్డ కట్టింది. తండ్రి దానిని వేలితో తడిమి, ఆకురాయి ఉన్నదా అని అడిగాడు. ఇరవై అయిదేళ్ళ క్రిందట కాకినాడలో ఇంజనీరింగు మొదటి సంవత్సరములో, ఫిట్టింగు షాపులో ఇనుపముక్కను అరచేతులు బొబ్బలెక్కేటట్లు చదరముగా అరగదీసిన చేతులు అవి. పట్టుకఱ్ఱలో ముక్క బిగించి, ఆకురాయిని అడ్డముగా ఒకసారి, ఐమూలగా ఒకసారి నడిపి, వెలుతురుకు ఎత్తి చూపించాడు. "మిషను తొందరగా కోస్తుంది. చివరి వెంట్రుకవాసి మాత్రము చేతితో తియ్యాలి." పిల్లవాడు ఆకురాయి తీసికొన్నాడు. తండ్రి అతని మోచేయి పట్టుకొని సరిచేశాడు. ఆ రాత్రి అన్నము పదిన్నరకు తిన్నారు.

మరునాడు తండ్రీకొడుకులు షెడ్డు తలుపుకు ఒక కాగితము అంటించారు. దానిలో వారు వ్రాసికొన్నది ఇది. కొస ఎప్పుడూ నారింజ రంగుగానే ఉండాలి, ఒళ్ళంతా నలుపు వేయరాదు. బయటకు తీసికొని వెళ్ళేటప్పుడు సంచిలో మూసి తీసికొని వెళ్ళాలి, ఆటస్థలములోనే బయటకు తీయాలి. ఆడేవారే గాక చూచేవారు కూడ కళ్ళకు అద్దములు పెట్టుకోవాలి, చెల్లెలు మొదట పెట్టుకోవాలి. ముఖము మీదికి గురిపెట్టరాదు. బలము పెంచినవి కాగితపు కప్పులకే, మనుషులతో ఆడటానికి కంపెనీవి మాత్రమే. లిథియం బ్యాటరీ ఇంటిలో ఎవరూ లేనప్పుడు చార్జింగు పెట్టరాదు. క్రింద ఇద్దరి సంతకములు ఉన్నాయి. చెల్లెలు కూడ సంతకము చేసింది.

కంటి మాట

అద్దముల సంగతి అతిజాగ్రత్త కాదు. లండన్ నగరములోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి డాక్టర్లు 2017లో ముగ్గురిని గూర్చి వైద్య పత్రికలో వ్రాశారు. ఇద్దరు పెద్దవారు, ఒకడు పదకొండేళ్ళ పిల్లవాడు. ముగ్గురికీ ఫోము బాణము కంటికి తగిలి కనుగ్రుడ్డు లోపల రక్తము చిమ్మింది. మెత్తని స్పాంజియే గదా అనుకొంటాము. అయితే బాణము తల స్పాంజి కాదు, గట్టి రబ్బరు. కంటికి తగిలేది అదే. బజారులో పేరులేని తూటాలలో కొన్నిటి తల ఇంకా గట్టిగా ఉంటుంది. కొనేటప్పుడు గోటితో నొక్కి చూడండి.

మన ఊళ్ళలో

మేము తిరిగి వచ్చిన రెండు సంవత్సరములకు, 2025 అక్టోబరులో దీపావళి రోజులలో, మధ్యప్రదేశ్‌లో ఘోరము జరిగింది. పీవీసీ గొట్టములతోను రేకు డబ్బాలతోను చేసిన కార్బైడు తుపాకులు ప్రేల్చి వందమందికి పైగా జనులు, వారిలో ఎక్కువమంది పిల్లలు, కళ్ళకు గాయములై భోపాల్ మొదలైన చోట్ల ఆసుపత్రులలో చేరారు. కొందరికి చూపు పోయింది. వాటిని బజారులో అమ్మారు. ఫోనులో వీడియో చూచి ఇంటిలో చేసికొన్నవారు కూడ ఉన్నారు.

కార్బైడు మన రైతులకు తెలియనిది కాదు. మామిడికాయలు మగ్గబెట్టటానికి దొంగచాటుగా వాడే రాయి అదే. దానికి నీరు తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. వెల్డింగు పనివారు ఇనుము కోయటానికి వాడే వాయువు అది. గొట్టములో దానికి నిప్పురవ్వ తగిలితే ప్రేలుతుంది. ఒకసారి ప్రేలకపోతే పిల్లవాడు ఏమైందోనని గొట్టములోనికి తొంగిచూస్తాడు. అప్పుడే ప్రేలుతుంది.

ఆ వార్త వచ్చిన వారములోనే మా ఊరిలో తొమ్మిదవ తరగతి పిల్లవాడు ఒకడు పీవీసీ ముక్కలు, వంటింటి గ్యాసు లైటరు పోగుచేసికొంటున్నాడని తల్లి గమనించి మా దగ్గరకు తీసికొని వచ్చింది. ఆమె గొట్టమును పొయ్యిలో పెట్టకుండ మా దగ్గరకు తేవటము ఎంతో మంచిదైనది. పిల్లవాణ్ణి తిట్టలేదు. భోపాల్ వార్త చదివించాము. తరువాత పాత సైకిలు పంపు ఒకటి తెచ్చి, ఆ గొట్టమే దానికి బిగించి, చివర స్పాంజి ముక్క గట్టిగా కూరి, పంపు ఒక్కసారి నొక్కమన్నాము. స్పాంజి టప్పున ఎగిరి మందిరపు గోడకు తగిలింది. ఒక గంటలో పదిమంది పిల్లలు చేరారు. గోడ మీద టీ కప్పులు వరుసగా పెట్టి పందెములు వేసికొన్నారు. పది అడుగుల దూరమున అందరికంటె బాగా గురి కుదిరినది ఆ పిల్లవాడి చెల్లెలికి.

కొందరు పెద్దలు, అసలు బిడ్డల చేతికి తుపాకి ఆకారము ఎందుకు అని అడుగుతారు. ఏ ఇంటిలోనైనా తల్లిదండ్రులు వద్దనుకొంటే వద్దు. అది వారి నిర్ణయము, దానిని మేము కాదనము. చిన్ననాడు మేము ముంజికాయల బండి, పంగలకర్ర స్వంతముగా చేసికొన్నవారమే. మా పంగలకర్రకు సైకిలు ట్యూబు కోసి ఇచ్చినది మా తండ్రిగారే. పిట్టను కొట్టరాదని, మనుషులుండే వైపు త్రిప్పరాదని చెప్పినదీ ఆయనే. పనిముట్టు, షరతు రెండూ ఒకే చేతినుండి వచ్చాయి.

తల్లిదండ్రులకు

ఆఖరుగా కొన్ని మాటలు. బొమ్మలో ఉన్నది స్ప్రింగు, గాలి అయితే ఆలోచించవచ్చును. నిప్పు, మందు, కార్బైడు, అగ్గిపుల్లల గంధకము అయితే అది బొమ్మ కాదు, ఇంటిలో ఉండరాదు. మన దేశములో 2021 జనవరి 1 నుండి ఆటవస్తువుల మీద ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు చూచి కొనండి. తీర్థములో అది లేని సరుకే ఎక్కువ. తిరిగే చక్రము ఉన్న ఏ యంత్రమునైనా పెద్దవారు దగ్గరుండగానే వాడాలి, కళ్ళకు అద్దములు ఉండాలి, వదులు చొక్కా, చున్నీ, విరబోసిన జుట్టు ఉండరాదు. కోసే చక్రము పగిలితే ముక్కలు ఎటు వస్తాయో ఎవరికీ తెలియదు.

కంటికి దెబ్బ తగిలితే నలపవద్దు, నొక్కవద్దు. ఆకుపసరు, చనుబాలు, ఇంటిలో ఉన్న పాత చుక్కలమందు వేయవద్దు. కంటికి తగలకుండ శుభ్రమైన కాగితపు కప్పు వంటిది అడ్డము పెట్టి ఆ రోజే కంటి ఆసుపత్రికి తీసికొని వెళ్ళండి. నొప్పి తగ్గినదని ఆగవద్దు. కార్బైడు, సున్నము వంటివి పడితే మాత్రము వెంటనే శుభ్రమైన నీటితో పావుగంటకు తక్కువ కాకుండ కడుగుతూనే ఉండి, తరువాత ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక మీ పిల్లవాడు బొమ్మ విప్పి కూర్చున్నాడనుకోండి. మొదట ప్రక్కన కూర్చుండి, ఏమి చేస్తున్నావని అడగండి. పూర్తిగా చెప్పనివ్వండి. చెబుతున్నప్పుడే ఏది ప్రమాదమో మీకు తెలుస్తుంది. మీకు భయమున్నచోట, "నాకు ఇందుకు భయముగా ఉన్నది" అని ఆ భయము పేరుతోనే చెప్పండి. స్క్రూలు పోకుండ ఒక గిన్నె తెచ్చి ఇవ్వండి. ఇంటిలో పాత ఆకురాయి ఉంటే అది కూడ తీసి ఇవ్వండి.